చిగుళ్ళ జబ్బు, సీఆర్‌పీ రిపోర్టు, ఇమ్యూనిటీ: తరచుగా అడిగే ప్రశ్నలు

కుర్చీలో ఉన్నంతసేపూ నోరు తెరిచే ఉంటుంది కాబట్టి ఎవరూ ఏమీ అడగలేరు. లేచి, పుక్కిలించి, చెప్పులు వేసుకునేటప్పుడు అసలు ప్రశ్నలు మొదలవుతాయి. నేను చిగుళ్ళ చికిత్స చేసే డెంటిస్టుని. ఈమధ్య ఆ ప్రశ్నల్లో ఇంకోరకం చేరింది: హెల్త్ చెకప్ ప్యాకేజీలో సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఉందేమో చెప్పే రక్తపరీక్ష) ఎక్కువ వచ్చింది, చిగుళ్ళ వల్ల కావచ్చని ఎక్కడో చదివాను, నిజమేనా అని. మళ్ళీ మళ్ళీ వచ్చేవాటిని అడిగినవాళ్ళ మాటల్లోనే ఇక్కడ రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసినదాని దగ్గరికి నేరుగా వెళ్ళొచ్చు.

## మొదటి అనుమానం

బ్రష్ చేసేటప్పుడు కాస్త రక్తం వస్తోంది. గట్టిగా తోముతున్నందుకేనా?

గట్టిగా తోమితే చిగురు గీసుకుపోయి మండుతుంది, ఆ చోటు మీకే తెలుస్తుంది. అలా కాకుండా రోజూ ఉమ్మిలో గులాబీ రంగు కనిపిస్తుంటే తప్పు బ్రష్‌ది కాదు. ఆరోగ్యంగా ఉన్న చిగురు మామూలు బ్రష్ తగిలితే రక్తం కార్చదు.

1965లో డెన్మార్క్‌లోని ఆర్హుస్‌లో హెరాల్డ్ లోయె బృందం ఒక పరీక్ష చేసింది. పన్నెండు మంది, ఎక్కువమంది డెంటల్ విద్యార్థులే, పళ్ళు తోమడం పూర్తిగా మానేశారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక సుమారు వారంలో మామూలయ్యాయి. అంటే ఈ దశలో జబ్బు రావడానికి మూడు వారాలు చాలు, పోవడానికి వారం చాలు. చాలామంది రక్తం చూసి భయపడి సరిగ్గా ఆ చోటే తోమడం మానేస్తారు. చేయకూడనిది అదొక్కటే.

నొప్పి అసలు లేదు. జబ్బయితే నొప్పి రావాలి కదా?

పిప్పి పన్ను నొప్పి పెడుతుంది, చిగుళ్ళ జబ్బు పెట్టదు. ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగే వాపు ఇది. చీముగడ్డ కడితే తప్ప మనిషిని నిద్రలేపదు. పొద్దున్నే నోటి దుర్వాసన, ముందుపళ్ళ మధ్య కొత్తగా సందు, జామకాయ కొరికితే దాని మీద ఎర్రటి మరక: ఇలాంటివే దాని కబుర్లు. పన్ను కదిలేదాకా ఆగి వచ్చేవాళ్ళే మా దగ్గర ఎక్కువ.

పాచి, గార, పయోరియా అన్నీ ఒకటేనా?

పాచి అంటే పళ్ళకు పట్టే మెత్తటి క్రిముల పొర, గోటితో గీస్తే వస్తుంది. అది ఉమ్మిలోని ఖనిజాలతో గట్టిపడితే గార. గార ఇంట్లో పోదు, ఎంత తోమినా సరే. చిగురు మాత్రమే వాచి, కింద ఎముక బాగుంటే దాన్ని జింజివైటిస్ అంటాం. ఎముక కూడా అరగడం మొదలైతే పెరియోడాంటైటిస్. పాతవాళ్ళు పయోరియా అన్నది దీన్నే.

మావారు సిగరెట్లు కాలుస్తారు, ఆయన చిగుళ్ళు గట్టిగా ఉన్నాయి, చుక్క రక్తం రాదు. బాగున్నట్టేనా?

చెప్పలేం. రక్తం రావడం హెచ్చరిక అనుకుంటే, పొగాకు ఆ గంట నోరు నొక్కేస్తుంది. చిగుళ్ళలోని సన్నటి రక్తనాళాలు పొగ వల్ల సరిగా స్పందించవు, రక్షణ కణాల పనితీరు దెబ్బతింటుంది. పైకి పాలిపోయి, గట్టిగా కనిపించే చిగురుకూ పన్నుకూ మధ్య 6, 7 మి.మీ. లోతు సందు దొరకడం మాకు మామూలే (బాగున్న చిగురులో అది 3 దాటదు). సిగరెట్ మానేసిన కొన్ని వారాలకు చిగుళ్ళ నుంచి రక్తం మొదలవుతుంది, "మానేశాకే జబ్బొచ్చింది" అని మళ్ళీ అంటించేవాళ్ళున్నారు. అప్పటిదాకా దాక్కున్నది బయటపడిందంతే.

గుట్కా, ఖైనీ పెట్టుకునేవాళ్ళకు పెట్టుకున్న చోటే చిగురు కిందికి జారుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి కాల్చే అడ్డపొగ అలవాటున్న పెద్దావిడలు వస్తే నేను చిగుళ్ళకంటే ముందు అంగిలి చూస్తాను. క్యాన్సర్ భయం అక్కడ ఉంటుంది.

ఐదో నెల. చిగుళ్ళు ఉబ్బి రక్తం వస్తోంది. కాన్పు అయ్యేదాకా ఆగమంటున్నారు అత్తయ్య.

ఆగక్కర్లేదు. గర్భంతో ఉన్నప్పుడు పెరిగే హార్మోన్ల వల్ల కొద్దిపాటి పాచికే చిగురు ఎక్కువగా స్పందిస్తుంది. క్లీనింగ్‌కు నాలుగు నుంచి ఆరు నెలల మధ్య కాలం అన్నిటికంటే సౌకర్యం. మీ గైనకాలజిస్టుకు ఒక మాట చెప్పి రండి.

బీపీ మాత్ర మొదలుపెట్టాక చిగుళ్ళు పెరిగాయి. దానికీ దీనికీ లింకుందా?

ఉండొచ్చు. ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్ లాంటి బీపీ మందులు, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి అయినవాళ్ళు వాడే సైక్లోస్పోరిన్ కొందరిలో చిగుళ్ళను మందంగా పెంచుతాయి. పాచి ఉంటే ఇంకా ఎక్కువ. మాత్ర మీ అంతట మీరు ఆపకండి. రాసిన డాక్టర్ వేరే మందు మార్చగలరేమో అడగండి.

## లోపల ఏం జరుగుతోంది

ఇమ్యూనిటీ తగ్గినందుకే వచ్చిందా? పెంచే మందులేమైనా రాస్తారా?

కరోనా తర్వాత ఈ ప్రశ్న రాని రోజు లేదు. చాలామందిలో ఇమ్యూనిటీ తక్కువై కాదు, అదుపు తప్పి ఈ జబ్బు వస్తుంది. మన రక్షణ వ్యవస్థలో ఉసిగొల్పేవాళ్ళూ ఉన్నారు, సర్దిచెప్పేవాళ్ళూ ఉన్నారు. టీహెచ్-17 అనే కణాలు ఇంటర్‌ల్యూకిన్-17ను వదిలి మిగతావాటిని రెచ్చగొడతాయి. టీ-రెగ్ కణాలు ఇంటర్‌ల్యూకిన్-10 లాంటివాటితో చల్లబరుస్తాయి. బాగున్న చిగురులో కూడా ఈ రెండూ పనిలోనే ఉంటాయి. నోట్లో క్రిములు లేని రోజంటూ ఉండదు కదా. తూకం మొదటివైపు ఒరిగి అక్కడే ఉండిపోతే జబ్బు.

దీనికి గట్టి సాక్ష్యం ఒక అరుదైన పుట్టుక జబ్బులో దొరికింది. ల్యూకోసైట్ అడ్హీషన్ లోపం ఉన్న పిల్లల్లో తెల్లకణాలు రక్తనాళం దాటి చిగురులోకి రాలేవు. చిన్నవయసులోనే వాళ్ళ పళ్ళు ఊడిపోతాయి. రక్షణ లేక క్రిములు తినేస్తున్నాయనే చాలాకాలం అనుకున్నారు. తీరా చూస్తే వాళ్ళ చిగుళ్ళలో ఇంటర్‌ల్యూకిన్-17 విపరీతంగా ఉంది. 2017లో అలాంటి ఒక రోగికి, ఆ సంకేతాన్ని తగ్గించే ఉస్టెకినుమాబ్ అనే మందు ఇస్తే చిగుళ్ళ వాపు తగ్గింది. ఇమ్యూనిటీని అణిచే మందుతో చిగురు బాగుపడిందన్నమాట!

కాబట్టి "ఇమ్యూనిటీ బూస్టర్" డబ్బాలకు నా చీటీలో చోటు లేదు.

క్రిములకంటే మన శరీరమే ఎముకను కరిగిస్తుందంటారు. అదెలా?

పన్నుకూ చిగురుకూ మధ్య సన్నటి సందులో క్రిములు చేరగానే న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు అక్కడికి పరుగెత్తుతాయి. వెంట మాక్రోఫేజ్‌లు వస్తాయి. ఇవన్నీ ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ అనే ప్రొటీన్లతో ఒకదానికొకటి కబురు పంపుకుంటాయి. "ఇంకా మనుషుల్ని పంపండి" అన్నట్టు. న్యూట్రోఫిల్స్ వదిలే ఎంఎంపీ-8 అనే ఎంజైము, పన్నును ఎముకకు కట్టి ఉంచే కొలాజెన్ పీచును కోసేస్తుంది. క్రిముల దగ్గరికి దారి చేసుకోవడానికి కోసేదే, కానీ కోసింది మన ఇంటి స్తంభాన్నే.

ఇక ఎముక. ఈ గోలలో కణాలు ర్యాంక్‌ఎల్ అనే ప్రొటీన్‌ను ఎక్కువగా తయారుచేస్తాయి. అది ఎముకను కరిగించే ఆస్టియోక్లాస్ట్ కణాలను పుట్టిస్తుంది. దాన్ని మధ్యలోనే పట్టుకుని పని కానివ్వకుండా చేసేది ఆస్టియోప్రొటెజెరిన్. ర్యాంక్‌ఎల్ పెరిగి, ఆస్టియోప్రొటెజెరిన్ చాలకపోతే ఎముక మెల్లగా వెనక్కి తగ్గుతుంది.

ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు ఉంటుంది వ్యవహారం. అలాగని ఎలుకలు అమాయకమైనవీ కాదు. వాచిన చిగురులోంచి ఊరే ద్రవంలోని ప్రొటీన్లు, రక్తంలోని ఇనుము పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి క్రిములకు మంచి తిండి. వాపు ఎంత ఉంటే వాటికంత విందు. అవి పెరిగేకొద్దీ వాపూ పెరుగుతుంది.

మా అన్నయ్య పళ్ళు సరిగ్గా తోమడు కూడా. ఒక్క పన్ను కదల్లేదు. నాకే ఎందుకిలా?

ఈ బాధ న్యాయమైనదే. శ్రీలంక తేయాకు తోటల్లో 1970 నుంచి పదిహేనేళ్ళపాటు 480 మంది కూలీల పళ్ళను గమనించారు. వాళ్ళకు పళ్ళు తోముకునే అలవాటు లేదు, డెంటిస్టు అందుబాటులో లేడు. దాదాపు అందరికీ పాచి, గార దండిగా ఉన్నాయి, చిగుళ్ళు వాచి ఉన్నాయి. మరి అందరి పళ్ళూ ఒకేలా పోవాలి కదా? పోలేదు. 8 శాతం మందిలో ఎముక వేగంగా అరిగింది, 81 శాతం మందిలో ఒక మోస్తరుగా. మిగతా 11 శాతం మందికి చిగురు వాపు దాటి ముందుకే పోలేదు.

అదే మురికి, మూడు రకాల ఫలితం. తేడా మనిషి స్పందించే తీరులో ఉంది. 2000లో వచ్చిన కవలల అధ్యయనం కూడా జబ్బు తీవ్రతలో మనుషుల మధ్య తేడాకు దాదాపు సగం కారణం వారసత్వమే అని అంచనా వేసింది. మీ అన్నయ్య ఆ 11 శాతంలో మనిషి అయ్యుండొచ్చు. మీరు కాదు, కాబట్టి ఆయన చేసే బద్ధకం మీకు చెల్లదు.

వాపు దానంతటదే తగ్గే ఏర్పాటు శరీరంలో లేదా?

ఉంది. వాపు నూనె అయిపోయిన దీపంలా ఆరిపోతుందని ఒకప్పుడు అనుకునేవారు. కాదు, దాన్ని ఆర్పే పనివాళ్ళు వేరే ఉన్నారని తర్వాత తెలిసింది. రిసాల్విన్లు, లైపాక్సిన్లు అనే కొవ్వు పదార్థాలు కొత్త తెల్లకణాలు రాకుండా ఆపుతాయి, చచ్చిన కణాలను ఎత్తిపోయమని మాక్రోఫేజ్‌లకు చెబుతాయి. పన్ను పక్కన గార రాయిలా కూర్చుని ఉంటే వీటి పని ఎప్పటికీ పూర్తి కాదు. ముల్లు తీయకుండా పుండు మానదు కదా.

## రిపోర్టు చేతికొచ్చాక

సీఆర్‌పీ అంటే ఏమిటి? పళ్ళకూ దానికీ ఏం సంబంధం?

సీఆర్‌పీ లివర్ తయారుచేసే ప్రొటీన్. ఒంట్లో ఎక్కడైనా వాపు ఉంటే అక్కడినుంచి ఇంటర్‌ల్యూకిన్-6 రక్తంలోకి వెళ్ళి లివర్‌ను తడుతుంది, లివర్ సీఆర్‌పీని వదులుతుంది. చిగుళ్ళ వాపూ అలాగే తట్టగలదు. చిగురు పన్నును వదిలేసిన చోట ఏర్పడే లోతైన సందులను పాకెట్లు అంటాం. అన్ని పాకెట్ల లోపలి గోడలూ కలిపి అరచేయంత పుండు అని చాలాచోట్ల చెబుతారు. జాగ్రత్తగా కొలిచి లెక్కగడితే మామూలుగా 8 నుంచి 20 చదరపు సెంటీమీటర్లు వచ్చింది, అంటే ఇంచుమించు అగ్గిపెట్టె పైముఖమంత. చేతి మీద అంత పుండు నెలల తరబడి మానకపోతే ఊరుకుంటామా?

హెచ్ఎస్-సీఆర్‌పీ 6.8 వచ్చింది. చిగుళ్ళ వల్లేనా?

హెచ్ఎస్-సీఆర్‌పీ అంటే అదే సీఆర్‌పీని మరింత సూక్ష్మంగా కొలిచే టెస్ట్. గుండె ప్రమాదం అంచనా వేసేటప్పుడు లీటరుకు 1 మి.గ్రా. లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ అంటారు. 10 దాటితే జ్వరమో ఇన్ఫెక్షనో ఉందేమో ముందు చూసుకుని, తగ్గాక మళ్ళీ చేయించాలి. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో లేనివాళ్ళకంటే సగటున ఒకటిన్నర మి.గ్రా. ఎక్కువ ఉంటుందని అధ్యయనాలన్నీ కలిపి చూస్తే తేలింది. అంటే చిగుళ్ళు అంకెను కాస్త పైకి నెడతాయి, ఆకాశానికి ఎత్తవు. పొట్ట చుట్టూ కొవ్వు, పొగ, కీళ్ళ వాతం, మొన్న తగ్గిన జలుబు కూడా నెడతాయి.

ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు సరిగ్గా ఇదే అంకెతో వచ్చారు, రిపోర్టులో దాని చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టుకుని. ఆయనకు గార ఉంది, వెనక దవడ పళ్ళ దగ్గర 5 మి.మీ. పాకెట్లు రెండు మూడు ఉన్నాయి. మాటల్లో తెలిసిందేమంటే, రక్తం ఇవ్వడానికి నాలుగు రోజుల ముందే ఆయనకు జ్వరం తగ్గింది. అపాయింట్‌మెంట్ కుదరక నెల గడిచింది, ఈలోపు ఆయనే మళ్ళీ టెస్ట్ చేయించుకున్నారు: 2.4. అప్పటికింకా నేను ఆయన పన్ను ముట్టుకోలేదు! ముందే క్లీనింగ్ చేసి ఉంటే ఆ ఘనత నాదే అనుకునేవాణ్ణి.

ఇంకో మాట. కొన్ని ల్యాబులు లీటరుకు, కొన్ని డెసిలీటరుకు లెక్క ఇస్తాయి. పదిరెట్లు తేడా. అంకె చూసి టెన్షన్ పడేముందు పక్కన ఏ కొలత ఉందో చూడండి.

సీఆర్‌పీ నార్మల్ వచ్చింది. చిగుళ్ళ జబ్బు లేనట్టేనా?

కాదు. నాలుగైదు పళ్ళ దగ్గర లోతైన పాకెట్లున్నా రక్తంలో అంకె మామూలుగానే ఉండొచ్చు. సీఆర్‌పీ ఊరంతటి గోల చెబుతుంది, ఏ ఇంట్లో గొడవో చెప్పదు.

మీరు సూదిలాంటిది గుచ్చి అంకెలు చెబుతారు. అదేం టెస్ట్?

సూది కాదది, ప్రోబ్. చివర మొద్దుగా ఉంటుంది, మిల్లీమీటర్ల గీతలుంటాయి. పన్ను పక్కన చిగురు అంచులో మెల్లగా దింపి, ఒక్కో పంటికి ఆరు చోట్ల లోతు చూస్తాను. "మూడు, రెండు, మూడు" అంటే హాయి. "మూడు, ఐదు, ఆరు" అనగానే రాసుకునే అసిస్టెంట్ కూడా తలెత్తి చూస్తుంది. ప్రోబ్ తీశాక కొన్ని సెకన్లు ఆగుతాను. చిగురు అంచున ఆవగింజంత ఎర్రచుక్క ఉబికి, పెరిగి, పంటి మీదికి జారుతుందా అని.

ఆ చుక్కే నా దృష్టిలో అన్నిటికంటే చవకైన, నమ్మదగిన ఇన్‌ఫ్లమేషన్ మార్కర్, అంటే వాపును పట్టిచ్చే గుర్తు. పరీక్షించిన చోట్లలో పదో వంతులోపే రక్తం వచ్చి, లోతు 3 మి.మీ. దాటకపోతే, ఎముక అరిగిన ఆనవాళ్ళు లేకపోతే చిగుళ్ళు ఆరోగ్యంగా ఉన్నట్టు లెక్క. వేల రూపాయల ప్యాకేజీ చేయించుకుని ఈ ఐదు నిమిషాల పరీక్షకు నోరు తెరవనివాళ్ళను చూస్తే నాకు కొంచెం కోపం వస్తుంది, దాచుకోను.

ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ టెస్టులు కూడా చేయించమంటారా?

వద్దు. పరిశోధనకు పనికొస్తాయి. చిగుళ్ళకు ఏ చికిత్స చేయాలో తేల్చడానికి అవి అవసరం లేదు.

ఉమ్మితోనే చిగుళ్ళ జబ్బు తెలుసుకునే కిట్ ఉందట?

ఉంది. నోరు పుక్కిలించిన నీటిలో చురుగ్గా పనిచేస్తున్న ఎంఎంపీ-8 ఎంజైము ఎంతుందో కొన్ని నిమిషాల్లో చూపే స్ట్రిప్పులు కొన్ని దేశాల్లో వాడుతున్నారు. చూడ్డానికి ప్రెగ్నెన్సీ టెస్ట్ లాంటిదే. ఎంజైము ఎక్కువుంటే లోపల కొలాజెన్ తెగుతోందని సూచన. కానీ ఏ పన్ను దగ్గర, ఎంత లోతు అన్నది అది చెప్పదు. ప్రోబ్, ఎక్స్-రే తప్పవు.

"స్టేజ్ 3, గ్రేడ్ సి" అని రాశారు. క్యాన్సరా డాక్టర్ గారూ?

కాదండీ, కానే కాదు. ఆ కాగితం చూసి రాత్రంతా నిద్రపోని ఒక చెల్లెమ్మ వల్లే ఈ ప్రశ్న ఇక్కడ పెట్టాను. 2018లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణలో చిగుళ్ళ జబ్బుకు కూడా స్టేజీలు, గ్రేడ్లు పెట్టారు. స్టేజ్ 1 నుంచి 4 వరకు ఇప్పటికి జరిగిన నష్టం. గ్రేడ్ ఎ, బి, సి అంటే జబ్బు నడిచే వేగం. రోజుకు పది సిగరెట్లు, ఆపైన కాల్చినా, షుగర్ ఉండి హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్ట్) 7 లేదా అంతకంటే ఎక్కువున్నా గ్రేడ్ సికి వెళ్తుంది. స్టేజ్ 3లో పళ్ళు నిలబెట్టుకునే అవకాశం ఇంకా బాగానే ఉంటుంది.

షుగర్ ఉంది. చిగుళ్ళు బాగుచేయిస్తే షుగర్ తగ్గుతుందా?

కొంత. షుగర్ అదుపులో లేకపోతే రక్తంలోని గ్లూకోజ్ ప్రొటీన్లకు అతుక్కుని కొత్త పదార్థాలు తయారవుతాయి, అవి రక్షణ కణాలను మరింత రెచ్చగొడతాయి. అటు చిగుళ్ళనుంచి వచ్చే ఇంటర్‌ల్యూకిన్-6, టీఎన్‌ఎఫ్ ఇన్సులిన్ పనిని మందగిస్తాయి. దెబ్బ రెండువైపులా. అధ్యయనాలన్నీ కలిపి తూచే కాక్రేన్ సంస్థ 2022 నాటి సమీక్ష ప్రకారం చిగుళ్ళ చికిత్స తర్వాత మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ సగటున 0.43 తగ్గింది. 8.2 ఉన్నవాళ్ళకు 7.8 దగ్గరికి రావచ్చు. చిన్నదే, కానీ ఒక మాత్ర పెంచాలా వద్దా అని డాక్టర్ ఆలోచించే చోట పనికొచ్చే తేడా. మాత్రలు మానేయడానికి మాత్రం ఇది సాకు కాదు.

## చికిత్స నడుస్తున్నప్పుడు

క్లీనింగ్ చేయిస్తే పళ్ళు వదులైపోతాయట కదా?

గార ఎముక స్థానంలో కూర్చుని పళ్ళను సిమెంటులా పట్టి ఉంచి ఉంటుంది. అది తీయగానే అప్పటికే పోయిన ఎముక సంగతి బయటపడుతుంది. వాపు తగ్గి చిగురు బిగుసుకోవడంతో సందులు కనిపిస్తాయి, కొన్ని రోజులు చల్లనీళ్ళకు జివ్వుమంటుంది. వారాలు గడిచేకొద్దీ చాలా పళ్ళు మునుపటికంటే గట్టిపడతాయి. పాత గోడకు అంటించిన పోస్టర్లు తీస్తే పగుళ్ళు కనిపిస్తాయి, పగుళ్ళు పోస్టర్ తీసినందుకు రాలేదు.

డీప్ క్లీనింగ్ అయిన రాత్రి ఒళ్ళు వెచ్చబడింది. వికటించిందా?

సాధారణంగా కాదు. పాకెట్ల లోపల గీకినప్పుడు క్రిములు, వాటి ముక్కలు కొద్దిసేపు రక్తంలోకి వెళ్తాయి. 2007లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనంలో 120 మంది తీవ్రమైన చిగుళ్ళ రోగులుంటే సగంమందికి ఒకే విడతలో లోతుగా చికిత్స చేశారు. మర్నాటికి వాళ్ళ సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 పెరిగాయి, రక్తనాళాలు వ్యాకోచించే శక్తి తగ్గింది. ఆరు నెలలకు చూస్తే అదే రక్తనాళాలు మిగతా సగంమందికంటే మెరుగ్గా ఉన్నాయి. ముందు పెరిగి తర్వాత తగ్గడం ఈ చికిత్స స్వభావం. కాబట్టి క్లీనింగ్ అయిన వారంలో సీఆర్‌పీ చేయించుకుని కంగారుపడకండి.

రెండు రోజులు దాటినా జ్వరం తగ్గకపోతే, ముఖం వాస్తే, నోరు తెరవడం కష్టమైతే వెంటనే చూపించాలి. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్ళు చికిత్సకు ముందే ఆ మాట చెప్పాలి, వాళ్ళకు ముందస్తుగా యాంటీబయాటిక్ ఇస్తాం.

ఈ గీకుడంతా ఎందుకు, యాంటీబయాటిక్ కోర్సు రాస్తే సరిపోదా?

పాచిలో క్రిములు జిగురు పొర కప్పుకుని గుంపుగా ఉంటాయి, మందు లోపలిదాకా పోదు. వారం బాగుంటుంది, నెలకు మళ్ళీ మొదలు. చిన్నవయసులో వేగంగా పాకే కొన్ని కేసుల్లో క్లీనింగ్‌తో పాటు ఇస్తాం, దాని బదులు కాదు. మెడికల్ షాపులో "పళ్ళ వాపుకి ఏదైనా ఇవ్వండి" అని తెచ్చుకునే అలవాటు మానండి దయచేసి.

జబ్బంతా వాపు వల్లే అంటున్నారు కదా, వాపు తగ్గే మాత్రలో చేపనూనో వాడితే?

ఆలోచన సరైనదే, పరిశోధకులకూ వచ్చింది. 1980ల్లో ఫ్లర్బిప్రోఫెన్ అనే నొప్పి మాత్రతో చూశారు. ఎముక అరుగుదల కొంత తగ్గింది. కానీ అలాంటి మాత్ర ఏళ్ళ తరబడి మింగితే కడుపు, కిడ్నీ ఏమవ్వాలి? తర్వాత డాక్సీసైక్లిన్‌ను క్రిములను చంపలేనంత తక్కువ మోతాదులో, 20 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, కొలాజెన్‌ను కోసే ఎంజైములను ఆపడానికి వాడారు. అమెరికాలో 1998లో అనుమతి వచ్చింది. ప్రయోజనం ఉంది, చిన్నది.

2020 నాటి యూరప్ మార్గదర్శకాలు ఈ తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్, నొప్పి మాత్రలు, ఒమేగా-3 (చేపనూనెలోని కొవ్వు), ప్రోబయాటిక్స్ (మేలుచేసే క్రిముల మందులు) వేటినీ మామూలుగా అందరికీ ఇవ్వొద్దనే సూచించాయి. నా మాట కూడా అదే. కూరలో చేప తింటానంటే మాత్రం నేనెందుకు వద్దంటాను!

చిగుళ్ళు బాగుచేయిస్తే హార్ట్ ఎటాక్ రాదా?

అలా ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. చిగుళ్ళ జబ్బు ఉన్నవాళ్ళలో గుండె జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది, ఇది నిజం. ఒకదాని వల్లే రెండోది వస్తుందని మాత్రం రుజువు కాలేదని 2012లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ చెప్పింది. పొగ, షుగర్, వయసు రెండింటికీ ఉమ్మడి కారణాలు. చిగుళ్ళ చికిత్సతో సీఆర్‌పీ సగటున లీటరుకు అర మి.గ్రా. తగ్గుతుంది. గుండెకోసం బీపీ మాత్ర, నడక, సిగరెట్ మానడం ముందు. చిగుళ్ళకు చికిత్స పళ్ళకోసమే చేయించుకోండి, ఆ కారణం చాలదా?

## ఆ తర్వాత

మళ్ళీ ఎప్పుడు రావాలి?

చికిత్స అయిన ఆరు వారాల నుంచి మూడు నెలల మధ్య మళ్ళీ ప్రోబ్‌తో లోతులు చూస్తాం. 5 మి.మీ. ఉన్నవి చాలావరకు 3, 4కి దిగుతాయి. 6 దాటి అలాగే ఉండి రక్తం వస్తుంటే చిగురు తెరిచి శుభ్రం చేసే ఫ్లాప్ సర్జరీ మాట వస్తుంది. ఆ తర్వాత మొదటి ఏడాదైనా మూడు నాలుగు నెలలకోసారి. ప్రైవేటులో ఖర్చు భరించలేనివాళ్ళకు హైదరాబాద్ అఫ్జల్‌గంజ్, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కాలేజీల్లో చిగుళ్ళకు ప్రత్యేక విభాగాలున్నాయి. ఓపీలో కాస్త ఓపిక పట్టాలంతే.

పోయిన ఎముక మళ్ళీ పెరుగుతుందా?

తనంతట తాను చాలావరకు పెరగదు. రెండు పళ్ళ మధ్య గుంటలా లోతుగా పోయినచోట సర్జరీతో ఎముక పొడి, పొరలు పెట్టి కొంత రాబట్టొచ్చు. అన్ని పళ్ళ చుట్టూ సమానంగా తగ్గినచోట ఆశ పెట్టుకోవద్దు. ఉన్నది ఉన్నచోట ఆపడమే అక్కడ పని.

ఆయిల్ పుల్లింగ్, ఉప్పు, వేపపుల్ల వాడొచ్చా?

నువ్వులనూనె పుక్కిలిస్తే నష్టం లేదు, బ్రష్‌కు బదులు కాకపోతే చాలు. గోరువెచ్చని ఉప్పునీళ్ళు హాయి. ఉప్పుతో రుద్దడం, బొగ్గు, కచ్చికపొడి వద్దు, పన్ను అరుగుతుంది. వేపపుల్ల నమిలి మెత్తగా చేసి వాడేవాళ్ళకు బయటి వైపు బాగానే ఉంటుంది, పళ్ళ సందులోకి అది పోదు. జబ్బు మొదలయ్యేది అక్కడే. సందు సన్నగా ఉంటే ఫ్లాస్, వెడల్పయితే సీసా కడిగే బ్రష్‌కు బుల్లి తమ్ముడిలా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్. రాత్రి ఒక్కసారైనా.

నాకుంది కాబట్టి మా పిల్లలకూ వస్తుందా?

వచ్చే అవకాశం మిగతావాళ్ళకంటే ఎక్కువ, తప్పకుండా వస్తుందని కాదు. పదిహేను, పదహారేళ్ళ వయసులో ముందుపళ్ళు, మొదటి పెద్ద దవడపళ్ళ దగ్గర మాత్రమే ఎముక వేగంగా పోయే రకం ఒకటుంది, అది కుటుంబాల్లో నడుస్తుంది. పాచి పెద్దగా కనిపించదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మీ పాకెట్లు లోతుగా ఉన్నాయని తేలితే, ఇంటర్ చదివే మీ అమ్మాయినో అబ్బాయినో వచ్చేసారి వెంట తీసుకురండి. ఆ రెండు మూడు చోట్ల ప్రోబ్ పెట్టి చూడ్డానికి నిమిషం పడుతుంది.